బయటికి రాని చెయ్యి

ఆ మధ్య సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు పిలిచి సైకాలజీ పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరయ్యాక నన్ను ఎవరైనా పిలవడమే గొప్ప కనుక మంచి చీర కట్టుకుని వెళ్లాను. అంతా అయ్యాక వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "మేడం, సైకాలజీ నిజంగ సైన్సేనా? మా నాయిన గిదంతా ఉత్త ముచ్చట్లు అంటడు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, జర్మనీలో పెట్టిన మొదటి ప్రయోగశాల సంగతేదో చెప్పి తప్పించుకున్నాను. బస్సెక్కాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నేను పనిచేసిన ఫ్యాక్టరీలో ఒక మనిషి చేతివేళ్లు పోతే తెలుసుకున్న జవాబు ఒకటుంది. అది చెప్పకుండా పుస్తకంలో ముక్క ఒప్పజెప్పి వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను. అమ్మాయీ, నీకే ఇది.

మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను సైకాలజీ చదువుతానంటే మా ఇంట్లో ఎవరికీ అదేమిటో తెలియక సరేనన్నారు. చదువయ్యాక పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో చేరాను. ఇనప రేకుల్ని ప్రెస్సుల కింద పెట్టి బండి భాగాలు అచ్చు గుద్దే ఫ్యాక్టరీ అది. కొత్తగా చేరేవాళ్లకు పరీక్ష పెట్టి పనికొస్తారో లేదో చెప్పడం నా ఉద్యోగం. ముందర 'సైకాలజీ మేడం' అనేవాళ్లు, వెనక 'పిచ్చి డాక్టరమ్మ' అనేవాళ్లు. రెండూ వినబడేవి.

నా గదిలో ఒక పెట్టె ఉండేది. దానికో ఎర్ర బల్బు, కింద పెడల్. బల్బు వెలగ్గానే కాలితో పెడల్ తొక్కాలి. వెలగడానికీ తొక్కడానికీ మధ్య ఎంత సేపు పట్టిందో గడియారం చూపిస్తుంది. ప్రెస్సు మీద పనిచేసేవాడికి చూపూ కాలూ కలిసి పనిచెయ్యాలి కనుక ఈ పరీక్ష. మా పర్సనెల్ మేనేజరు దాన్ని ఏదో కంపెనీ వస్తువనుకునేవాడు. దాని పుట్టుక ఆకాశంలో ఉందంటే నమ్మేవాడు కాదు.

నిజంగా అక్కడే ఉంది. పూర్వం యూరప్‌లో నక్షత్రాలు చూసేవాళ్లు దుర్భిణి అద్దంలో ఒక సన్నటి తీగ పెట్టుకునేవాళ్లు. నక్షత్రం ఆ తీగ దాటే క్షణాన్ని రాయాలి. కంటితో నక్షత్రాన్ని చూస్తూ, చెవితో గడియారం టిక్కుల్ని లెక్కపెట్టాలి. ఒక పెద్ద ఖగోళ శాస్త్రజ్ఞుడి దగ్గర పనిచేసే సహాయకుడు ప్రతిసారీ ఆయన రాసినదానికన్నా కాస్త ఆలస్యంగా రాసేవాడు. చెప్పి చూశాడు పెద్దమనిషి. అతనికి చేతకాలేదు. బద్ధకస్తుడని ఉద్యోగంలోంచి తీసేశాడు. తర్వాత ఇంకొకాయన ఆ సంగతి చదివి, మిగతావాళ్లను పోల్చి చూస్తే, ఏ ఇద్దరూ ఆ క్షణాన్ని ఒకేలా చూడటం లేదని తేలింది. తప్పు బద్ధకానిది కాదు. ఎవరి మనసు కాలం వారిదే. అప్పటిదాకా మనసుని కొలవలేం, దాన్ని శాస్త్రం చెయ్యలేం అన్న తత్వవేత్తలకు సమాధానం ఆ కాసింత తేడాలోంచే మొదలైంది. జర్మనీ ప్రయోగశాలకు ముందున్న వేరు ఇది. నాకు సైకాలజీ చెప్పిన మాష్టారికి సంస్కృతం వచ్చు. "మన తార్కికులు ఈ మాట ఎప్పుడో అన్నారమ్మా. మనసు అణువంత. ఒకేసారి కంటి దగ్గరా చెవి దగ్గరా ఉండలేదు. రెండుచోట్లా ఉన్నట్టు మనకు అనిపిస్తుంది, అంతే," అనేవారు. పరీక్షలో రాయడానికి పనికొస్తుందని అప్పట్లో రాసుకున్నాను.

ఇక మా ప్రెస్ షాపు సంగతి. షెడ్డు మధ్యలో ఒక పెద్ద ఆటోమేటిక్ ప్రెస్సు ఉండేది. పొద్దున్న మొదలుపెడితే ఆగకుండా ధడ్, ధడ్ అని ఒకే తీరుగా కొట్టేది. దానికి పనివాళ్లు పెట్టుకున్న పేరు 'పెద్దాయన'. ఆయుధపూజ నాడు మొదటి దండా మొదటి నిమ్మకాయా దానికే. చుట్టూ చిన్న ప్రెస్సులు. పలకలు పెద్దవైతే ఒక ప్రెస్సు దగ్గర ఇద్దరుండేవాళ్లు. ఒకడు పలకను లోపల పెట్టి చెయ్యి తీస్తాడు, పక్కనున్నవాడు పెడల్ తొక్కుతాడు. చెయ్యి లోపలుంటే ప్రెస్సు దిగకుండా ఆపే గార్డు ఒకటుండాలి. పనికి అడ్డమని దాన్ని ఎప్పుడో విప్పి గోడకు ఆనించారు. అది అక్కడే దుమ్ము పట్టి ఉండేది.

ఒక ప్రెస్సు దగ్గర ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి జంటగా పనిచేశారు. పలక పెట్టేది భానూర్ మనిషి. పెడల్ తొక్కేది జోగిపేట వైపు మనిషి. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు. ఒకే సద్దిగిన్నెలో తినేవాళ్లు. ఆ ఇద్దరికీ పరీక్ష పెట్టి తీసుకున్నది నేనే. జోగిపేట మనిషి కాలు అప్పట్లో చాలా చురుకు.

ఒకరోజు టీ అయిపోయి పని మొదలైన కాసేపటికి ఆ ప్రెస్సు భానూర్ మనిషి కుడిచెయ్యి మీద దిగింది. బొటనవేలు తప్ప మిగతా వేళ్లు పోయాయి. నేను వెళ్లేసరికి అతన్ని అంబులెన్సులో ఎక్కిస్తున్నారు. జోగిపేట మనిషి పెడల్ పక్కనే కూలబడి ఉన్నాడు. ఎవరు లేపినా లేవలేదు.

మర్నాడే అతన్ని సస్పెండు చేశారు. ఇన్‌క్వైరీలో అతను ఒకటే మాట చెప్పాడు. "బావ చెయ్యి బయటికొచ్చింది. నేను నా కండ్లతోని సూసిన. సూసినాకనే తొక్కిన." ఆస్పత్రి నుంచి భానూర్ మనిషి చెప్పిందీ ఒకటే. "పలక నూనెకు జారింది. సదురుతున్న. నా చెయ్యి బయటికి రానేలేదు." ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అందరూ తేల్చుకున్నారు. వేళ్లు పోయినవాడు అబద్ధమెందుకు ఆడతాడు? కాబట్టి రెండో అతని మీద రెండు నేరాలు రాశారు. ఒకటి నిర్లక్ష్యం, రెండోది అబద్ధపు వాంగ్మూలం. అవి రుజువైతే ఉద్యోగం పోతుంది, ఈ చుట్టుపక్కల ఏ ప్రెస్ షాపూ గేటు లోపలికి రానివ్వదు.

పర్సనెల్ మేనేజరు నన్ను పిలిపించాడు. మా ఊరివైపు మనిషే, మర్యాదస్తుడు. "మీ పెట్టె మీద అతన్ని మళ్లీ ఒకసారి చూడండమ్మా. స్లో అని వస్తే అందరికీ గొడవ వదిలిపోతుంది," అన్నాడు.

జోగిపేట మనిషిని నా గదికి తెచ్చారు. బల్బు వెలిగింది. అతని కాలు లేవలేదు. వెలిగి ఆరిపోయాక ఎప్పుడో తొక్కాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. బల్బు వంక చూస్తున్నాడు కానీ తొక్కడానికి భయం. ముసలివాళ్లు కూడా అంత ఆలస్యంగా తొక్కరు. ఇది అతని చురుకుదనం కొలత కాదు, భయం కొలత అని నాకు తెలుస్తూనే ఉంది.

వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, "మేడం, నా కొలువు పోతే పోనీయండ్రి. నేను అబద్ధమాడలేదని బావకు జెర చెప్పుండ్రి. వాడు నా ఫోను ఎత్తుతలేడు," అన్నాడు.

చూస్తానన్నాను.

ఆ వారమంతా ప్రెస్ షాపులో ఒక స్టూలేసుకుని కూర్చున్నాను. పనివాళ్లు మొదట బిగుసుకుపోయారు. తర్వాత నన్ను పట్టించుకోవడం మానేశారు. ఊరికే కాళ్లు చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా ఒకటి పట్టుబడింది. పెడల్ తొక్కే ప్రతి కాలూ పెద్దాయన దెబ్బతో పాటు దిగుతోంది. ధడ్ అంటే తొక్కుతున్నారు. పలకలు పెట్టే చేతులు ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య లోపలికి వెళ్లి బయటికొస్తున్నాయి. ఎవరూ నేర్పింది కాదు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో నిలబడి ఉంటే ఒంటికి అదే తాళం అయిపోయింది. వాళ్లను అడిగితే కళ్లతో చూసే తొక్కుతున్నామంటారు.

మర్నాడు నా పెట్టెను షాపులోకి మోయించి పెద్దాయన పక్కన పెట్టాను. అక్కడి పెడల్ మనుషుల్ని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టాను. బల్బు వెలిగించే మీట నా చేతిలో ఉంది. కాసేపు దెబ్బకు సరిగ్గా వెలిగించి, ఉన్నట్టుండి ఒకసారి ఆలస్యం చేశాను. దాదాపు అందరూ దెబ్బకే తొక్కేశారు. అప్పటికి బల్బు వెలగనేలేదు. "వెలిగిందా?" అని అడిగితే, "వెలిగినాకనే కొట్టిన మేడం," అన్నారు. ఒట్టు పెట్టి మరీ చెప్పారు.

షాపు సూపర్‌వైజరు పక్కన నిలబడి చూస్తున్నాడు. సదాశివపేట మనిషి, నోరు జారని రకం. "మీరు కూసోండ్రి మేడం, నేను వెలిగిస్త," అన్నాడు. కూర్చున్నాను. ఇదంతా తెలిసినదాన్ని, చదివినదాన్ని, జాగ్రత్తగా బల్బు మీదే చూపు పెట్టాను. కాసేపటికి తొక్కాను. సూపర్‌వైజరు నవ్వలేదు. "నేనింకా వెలిగియ్యలే," అన్నాడు. నాకు మాత్రం ఆ ఎరుపు కనబడింది. ఇప్పుడు ఎవరైనా అడిగినా కనబడిందనే చెబుతాను.

మా మాష్టారు చెప్పినది అప్పుడు ఒంటికి పట్టింది. మనసు చెవి దగ్గరుంది. కన్ను ఏం చూడబోతోందో ముందే రాసిపెట్టేసింది. మా శాస్త్రం మొదటి రోజుల్లో పెద్దలు మనిషిని కూర్చోబెట్టి, నీ మనసులోకి నువ్వే తొంగి చూసి ఏం జరిగిందో చెప్పు అనేవారు. తర్వాతివాళ్లు వచ్చి ఆ సాక్ష్యం చెల్లదు, బయటికి కనబడేదే లెక్క అన్నారు. ఈ తగువును నేను పరీక్షల కోసం బట్టీపట్టాను. అది ఒక మనిషి కూటి తగువు కూడా అవుతుందని అనుకోలేదు.

సామాను సర్దుతుంటే సూపర్‌వైజరు నెమ్మదిగా అన్నాడు. "ఆ దినం చాయ్ అయినంక పెద్దాయన స్పీడు పెంచిన మేడం. అర్జెంటు ఆర్డరున్నదని పైనుంచి ఫోనొచ్చింది. పక్కోళ్లకు ఎవలకూ చెప్పలే. చెప్పాల్నని కూడ తోచలే." దెబ్బ త్వరగా పడితే కాలూ త్వరగా దిగుతుంది, చెయ్యి ఇంకా లోపలే ఉంటుంది.

"ఇన్‌క్వైరీలో చెబుతారా?"

"నాకు ఇద్దరు ఆడపిల్లల చదువులున్నయి మేడం," అని వెళ్లిపోయాడు. అతన్ని నేను తప్పుపట్టలేదు. మెచ్చుకోనూ లేదు.

భానూర్ మనిషి ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతికి తెల్లటి పెద్ద కట్టు. భార్య చాయ్ తెచ్చిపెట్టి పక్కకు వెళ్లింది.

"వాడు కావాల్నని తొక్కలేదని నాకు తెల్వదా మేడం," అన్నాడు నేను అడక్కుండానే. "తప్పైంది బావా అంటే అయిపోతుండె. సూసిన అంటడు సూడుండ్రి, గదే నా కడుపు మండేది. నా చెయ్యి లోపటనే ఉండె. రాని చెయ్యి ఎట్ల కనబడ్తది?"

పెద్దాయన దెబ్బ సంగతీ, బల్బు సంగతీ, నాకు కూడా వెలగని బల్బు కనబడిన సంగతీ చెప్పాను. అతను వింటూ కట్టు వంక చూసుకుంటున్నాడు. తర్వాత ఎడమచేత్తో ఆ కట్టు చివర, గాలిలో, గోకబోయి ఆగాడు.

"చిటికెనవేలు దురద పెడ్తున్నది మేడం," అన్నాడు. "లేదని తెల్సు. ఉన్నట్టే ఉంటది. రాత్రంతా పరేషాన్. డాక్టరుకు చెప్తే గట్లనే ఉంటదన్నడు." ఆ ఎడమచెయ్యి దించి, "నాది అబద్ధమైతే వాంది అబద్ధమే. నాది కాదు గద," అన్నాడు.

అంత మాట నేను ఏ క్లాసులోనూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. చాయ్ తాగినట్టు నటించాను.

ఇన్‌క్వైరీ రోజు అతను కట్టుతోనే వచ్చాడు. బావ అబద్ధమాడలేదని, అతని మీద తనకు ఏ ఫిర్యాదూ లేదని చెప్పాడు. జోగిపేట మనిషి బల్ల అవతల తల వంచుకుని కూర్చున్నాడు. బావ గొంతు విని తలెత్తలేదు కానీ భుజాలు అదరడం అందరూ చూశారు.

తర్వాత నా వంతు. నేను ముక్కుసూటి మనిషిని, తయారై వెళ్లాను. ఒక మనిషి చూడనిది చూశానని నిజాయితీగా ఎలా నమ్ముతాడో చెప్పాను. షాపులో పెడల్ తొక్కే దాదాపు ప్రతి మనిషీ ఇలాగే తొక్కుతున్నాడని చెప్పాను. ఆ రోజు పెద్దాయన వేగం పెంచారనీ, గార్డు గోడకు ఆనించి ఉందనీ చెప్పాను. నక్షత్రం దగ్గర ఉద్యోగం పోగొట్టుకున్న సహాయకుడి కథ కూడా చెప్పాను. సూపర్‌వైజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మేనేజరు శ్రద్ధగా విన్నాడు. "చాలా బాగా చెప్పారమ్మా," అన్నాడు. "అంటే అతను చెయ్యి బయటికొచ్చిందని చూడకుండానే తొక్కాడు. మీ పరీక్షలో తేలింది అదే కదా?"

"అవునండీ, కానీ అది అతని—"

"అంతవరకు చాలు. మెషిన్ స్పీడు ప్రొడక్షన్‌వాళ్ల సబ్జెక్టు. గార్డు సేఫ్టీవాళ్ల సబ్జెక్టు. మీ సబ్జెక్టు వరకే మీరు మాట్లాడాలి."

నేను గొంతు పెంచాను. నెమ్మదించమని నాకు మంచినీళ్లు తెప్పించారు. చివరికి రాసుకున్నది ఇది: అబద్ధపు వాంగ్మూలమన్న నేరం కొట్టేశారు. చూడకుండా తొక్కినట్టు శాస్త్రీయంగా రుజువైంది కనుక నిర్లక్ష్యం ఖాయం. ఉద్యోగంలోంచి తీసేశారు. నా పరీక్ష లేకపోయి ఉంటే వాళ్ల దగ్గర ఒకరి మాట మీద ఇంకొకరి మాట తప్ప ఏమీ ఉండేది కాదు. నేను సాక్ష్యం తెచ్చి ఇచ్చాను. దాంతోనే అతన్ని బయటికి పంపారు.

మెట్ల దగ్గర ఆ ఇద్దరూ నిలబడి ఉన్నారు. భానూర్ మనిషి ఎడమచెయ్యి రెండో అతని భుజం మీద ఉంది. నన్ను చూసి జోగిపేట మనిషి దండం పెట్టాడు. "బావకు చెప్పిండ్రు. గది చాలు మేడం," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. పెద్దాయన మాత్రం కొడుతూనే ఉంది. ఆ వేగం తగ్గించలేదు. గార్డు తర్వాతెప్పుడో ఒక తనిఖీకి బిగించి, తనిఖీ అయ్యాక విప్పేశారని విన్నాను. నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉద్యోగం చేశాను. నువ్వు అడగకముందే చెబుతున్నాను, జీతం కోసమే.

కాబట్టి అమ్మాయీ, సైకాలజీ సైన్సే. నీ కంటి సాక్ష్యాన్ని నువ్వే నమ్మలేవని కొలిచి చూపించినదాన్ని శాస్త్రమనక ఏమనాలి మరి. అది ఒక మనిషి ఉద్యోగం పోవడంతో పుట్టింది. నా చేతిలోనూ ఇంకొకరి ఉద్యోగం తీసింది. ఏ మనిషిని కొలవాలో నాకు చెప్పారు. ఆ మనిషి చుట్టూ ఉన్న చప్పుడును కొలిస్తే మాత్రం నా సబ్జెక్టు కాదన్నారు. ఆ చప్పుడు కూడా నీ సబ్జెక్టేనని నువ్వు చదువుకునేటప్పుడే గట్టిగా అనుకో. రేపు నిన్నూ మంచినీళ్లు తాగమంటారు.

మీ కాలేజీ నుంచి వచ్చిన తర్వాతి వారమే కంది దగ్గర ఒక కాలనీలో ఉండే స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. కాలనీ గేటు దగ్గర అడ్డ కర్ర, పక్కన గదిలో సెక్యూరిటీ మనిషి. మీట నొక్కితే కర్ర లేస్తుంది, మళ్లీ నొక్కితే దిగుతుంది. ముందున్న కారు దాటిపోయి చాలాసేపైనా కర్ర లేవలేదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. మా ఆటో డ్రైవరు విసుక్కున్నాడు. "గీయన తోని రోజూ గిదే లొల్లి మేడం. ఎంత మొత్తుకున్నా జల్దీ చెయ్యడు."

సెక్యూరిటీ మనిషి గదిలోంచి బయటికొచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా వదులైంది. నేను వెంటనే గుర్తుపట్టాను, జోగిపేట మనిషి. అతను నన్ను గుర్తుపట్టలేదు, ఎందుకంటే నా ముఖం వంక చూడలేదు. ఆటో పక్క కడ్డీ పట్టుకుని బయటికి ఉన్న నా చేతినే చూస్తున్నాడు.

"చెయ్యి లోపట పెట్టుకోండ్రి అమ్మా," అన్నాడు.

తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అతను దగ్గరికి వచ్చి, వంగి, నా రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయని చూశాడు. ఆ తర్వాతే వెళ్లి మీట నొక్కాడు.